తాగని కహ్వా

ఇబ్రీ దాటి ఇరవై కిలోమీటర్లు.
మట్టిరంగు ఇల్లు. చెప్పులిడిసి కూసున్న.
జేబుల ఓదెలు అర్జీ,
ఫోన్ల వాళ్లవ్వ ఏడుపు.

నిజం చెప్పాలె గదా,
ఓదెలంటె నాకు పడది.
కాంపుల నా కింది మంచం వానిది.
నా సబ్బు రుద్దుకుంటడు,
ఇంటి నుంచి వచ్చిన మామిడితొక్కు
నాకు తెల్వకుంట సగం చేసిండు,
నలభై రియాళ్లు తీసుకొని రెండేండ్లాయె.
ఫోన్ల నా పెండ్లాం గొంతును ఓసారి ఎక్కిరించిండని
ఆర్నెల్లు మాట బంద్.

అయినా కాంపు మొత్తంల
అరబ్బీ వచ్చినోన్ని నేనొక్కన్నే.
పదకొండేండ్లు ఖర్జూరపు తోటల
ముసలి మేస్త్రి తిట్లల్ల ఏరుకున్న అరబ్బీ.
అండ్ల 'జల్ది'కి ఏడు మాటలున్నయి.
'మాఫ్ చెయ్యి'కి ఒక్కటే,
అది గూడ ఎప్పుడూ నాకోసమే వాడిన.
ఇంకోని కోసం ఎట్ల అడుగాల్నో
టాక్సీల దారి పొడుగూత
నాలిక మీద తిప్పుకుంట వచ్చిన.
'నన్ను' తీసి 'వాన్ని' పెట్టుడే.
ఒక్క ముక్క. అదే దిగది గొంతుల.

ఆమె వచ్చింది, ఉమ్ హిలాల్.
నల్లటి ముసుగు ఎనుక రెండు కండ్లు.
హిలాలంటె నెలవంక.
పంతొమ్మిదేండ్ల నెలవంకను
నీళ్ల ట్యాంకరు ఎనుకకు తీసుకుంట
ఓదెలు చూసుకోలే.
అద్దం పలిగిందని కంపెనీకి
మూడుసార్లు చెప్పిండట.
ఆ మాట పెదవుల దాంక వచ్చింది, మింగిన.
కొడుకు పోయినామెకు
అద్దం సంగతి ఏం చెప్తం?

చిన్న పిలగాడు కహ్వా పోసిండు.
ఏలక్కాయ వాసన.
కాంపు పక్క మసీదు పెద్దాయన చెప్పి పంపిండు:
అడిగింది ఇచ్చేదాంక గిన్నె ముట్టకు.
ముట్టకపోతెనే అడిగినట్టు.
తాగితె చుట్టపుచూపుకు వచ్చినట్టు.

"నీ తమ్ముడా?" అనడిగింది.
అవునంటె అబద్ధం.
కాదంటె, కానోని కోసం
ఇంత దూరం ఎందుకొచ్చినవంటది.
"నా కింది మంచం" అన్న.
ఆమె కండ్లల్ల ఏందో కదిలింది.
నవ్వు మాత్రం కాదు.

అప్పుడు ఫోన్ నొక్కిన.
బూదవ్వ గొంతు ఆ ఇంట్లకు
ఉత్తకాళ్లతోని నడిచొచ్చింది:
"అమ్మా, నువ్వెవరో నేనెరుగ.
నా కొడుకు నీకు కడుపుకోత పెట్టిండు.
నాకు పెట్టకు అనేటందుకు
నాకు నోరు రాదు తల్లీ..."

ఏమన్నదన్నట్టు చూసింది.

కడుపుకోత.
పదకొండేండ్ల తిట్లల్ల ఆ మాట దొరుకలే.
కత్తి తెలుసు, కడుపు తెలుసు.
రెండు కలిపితె ఖూనీ అయితది గని
అవ్వ కాదు.
చెయ్యి పొట్ట మీద పెట్టుకొని
అడ్డంగ గీసుకున్న.
మొగోన్ని, నా పొట్టల ఏముంటది
పొద్దటి రొట్టె తప్ప!
ఆమె చెయ్యి మెల్లగ
ఆమె పొట్ట మీదికే పోయింది.

"మళ్ల పెట్టు."
పెట్టిన.
"మళ్ల."
తెలుగు ముక్క రానామె మూడుసార్లు ఇన్నది.
బూదవ్వ ఊపిరి తెగే చోటు రాంగనె
ప్రతిసారి తలకాయ ఊపింది,
ఆ గతుకు తన బాటల గూడ ఉన్నట్టు.
నన్ను ఇద్దరూ మరిచిండ్రు.

అప్పుడు యాదికొచ్చినయి నలభై రియాళ్లు.
సెమట పట్టింది.
కొడుకునే ఇడిసిపెట్టుమని ఈమెను అడుగవడ్తి,
ఆ పైసలింక నా లెక్కల
వడ్డీతోని కూసున్నయి.
అక్కడ్నే, ఎవరికి చెప్పకుంట, కొట్టేసిన.
తొక్కు గూడ.
పెండ్లాం సంగతి ఇంక చూడాలె.

కహ్వా చల్లారింది.
గిన్నె అంచు మీద ఈగ వాలింది.
ఆమె లేసి, గిన్నె తీసి,
వాకిట్ల ఇసుకల పారబోసింది.
అయిపోయింది, లేద్దామనుకున్న.

దల్లా వంచి మళ్ల పోసింది.
తాగుమనలే. పొమ్మనలే.
వేడిది నా ముంగట పెట్టి
ఎదురుంగ కూసున్నది.

పొగ లేస్తున్నది.
నా చేతులు మోకాళ్ల మీదనే ఉన్నయి.